కార్న్‌వాల్ రాయల్స్: మూడు మెమోరియల్ కప్పులు గెలిచిన జట్టు ఊరు ఎందుకు వదిలింది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము ఒంటారియోలో ఉంటున్నాము. ఐస్ హాకీ గురించి నాకు తెలిసిందల్లా పదేళ్ల మా అబ్బాయి వల్ల తెలిసిందే. తెల్లవారుజామున రింకులో వాడి స్కేట్ల తాళ్లు బిగించి కట్టడం చేతనైన తరువాతే ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో అర్థమైంది. కాబట్టి ఈ ప్రశ్నలో అమాయకత్వం కనిపిస్తే పెద్దలు మన్నించగలరు.

పోయిన వేసవిలో ఒక గరాజ్ సేల్‌లో మా వాడు పాత పక్‌లు (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్లలు) నింపిన అట్టపెట్టెను బోర్లించి, అందులోంచి ఒకదాన్ని ఏరుకున్నాడు. అంచు చుట్టూ కర్రల దెబ్బలకు పడిన గంట్లు ఉన్నాయి. ఒక వైపు గులకరాయిలా నున్నగా అరిగిపోయింది. రెండో వైపు తెల్లని అక్షరాలలో ‘కార్న్‌వాల్’ అన్న మాటలో సగమూ, ‘రాయల్స్’ అన్న మాట పూర్తిగానూ మిగిలాయి. అమ్మిన పెద్దాయన డబ్బు తీసుకోకుండా, “అది మంచి జట్టు బాబూ, ఇప్పుడు లేదు” అని మాత్రం అన్నారు.

ఇంటికి వచ్చి వెతికితే తెలిసిన సంగతులు నన్ను మరింత తికమకపెట్టాయి. ఈ జూనియర్ జట్టు, అంటే ఇరవై ఏళ్ల లోపు కుర్రాళ్ల జట్టు, 1972లోనూ, 1980లోనూ, 1981లోనూ మెమోరియల్ కప్ గెలిచింది. ఊరు ఒంటారియోలో ఉన్నా, ఆ మూడు విజయాలూ క్వెబెక్ లీగ్ తరఫున వచ్చాయట. 1992లో జట్టు ఊరు వదిలింది. దాని వారసురాలిగా చెప్పే సార్నియా స్టింగ్ ఇప్పుడు అదే రాష్ట్రంలో మరో కొసన, 700 కిలోమీటర్లకు పైగా దూరంలో ఆడుతోంది. ఒంటారియో ఊరు క్వెబెక్ లీగ్‌లో ఎందుకు ఆడింది? అన్ని కప్పులు గెలిచిన జట్టు ఎందుకు నిలవలేదు? ఆ కప్పులు ఇప్పుడు ఎవరివని చెప్పాలి? మా వాడు రోజూ అడుగుతున్న ప్రశ్నలు ఇవే.

సమాధానం 1

మీ ప్రశ్నలో అమాయకత్వమేమీ లేదు. కెనడా జూనియర్ హాకీని ఏళ్ల తరబడి చూస్తున్నవారిలో కూడా కార్న్‌వాల్ కథను ముక్కలు ముక్కలుగా తెలిసినవారే ఎక్కువ. అందువల్ల కొంచెం విస్తరించి రాస్తున్నాను.

మొదట భూగోళం చూడాలి. కార్న్‌వాల్ ఒంటారియో ఆగ్నేయపు కొసన, సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఉంటుంది. నది దాటితే అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం వస్తుంది, తూర్పుగా కాసేపు వెళ్తే క్వెబెక్ వస్తుంది. మాంట్రియల్ నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉండగా, టొరంటో 400 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. వీధుల్లో ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచ్ కూడా వినిపించే మిల్లుల పట్టణం అప్పట్లో అది. 1969లో క్వెబెక్ మేజర్ జూనియర్ లీగ్‌ను 11 జట్లతో ప్రారంభించినప్పుడు కార్న్‌వాల్ అందులో ఒకటి కావడానికి ఈ దూరాలు చాలు. మీ అబ్బాయికి నచ్చే విచిత్రం ఇంకొకటి ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మాంట్రియల్ జూనియర్ కెనేడియన్స్ ఒంటారియో లీగ్‌లో ఆడుతుండేది, 1972లో గానీ అది క్వెబెక్ లీగ్‌కు మారలేదు. అంటే మూడేళ్లపాటు ఒంటారియో ఊరి జట్టు క్వెబెక్ లీగ్‌లోనూ, క్వెబెక్ మహానగరపు జట్టు ఒంటారియో లీగ్‌లోనూ ఆడాయి. జూనియర్ హాకీలో రాష్ట్ర సరిహద్దు కన్నా బస్సు ప్రయాణపు గంటలే ముఖ్యమని ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

ఇక మెమోరియల్ కప్ సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన కెనడా సైనికుల స్మృతికి 1919లో పెట్టిన ట్రోఫీ అది. దేశంలోని జూనియర్ జట్లన్నింటికీ అదే చివరి మెట్టు. 1972లో మొదటిసారిగా పశ్చిమ, ఒంటారియో, క్వెబెక్ లీగ్‌ల విజేతలను ఒకే చోటికి చేర్చి టోర్నమెంటుగా నిర్వహించారు. ఒటావాలో జరిగిన ఆ టోర్నమెంటుకు ఎడ్మంటన్ ఆయిల్ కింగ్స్, పీటర్‌బరో పీట్స్, కార్న్‌వాల్ రాయల్స్ వచ్చాయి. ఫైనల్లో కార్న్‌వాల్ 2-1 తేడాతో పీటర్‌బరోను ఓడించింది. గోల్ ముందు నిలబడిన రిచర్డ్ బ్రోడర్‌కు టోర్నమెంటు ఉత్తమ ఆటగాడి ట్రోఫీ దక్కింది. పదేళ్ల తరువాత, ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్దల వృత్తి లీగ్‌లో వాంకూవర్ కనక్స్‌ను స్టాన్లీ కప్ ఫైనల్ దాకా తీసుకువెళ్లి ‘కింగ్ రిచర్డ్’ అనిపించుకున్న గోలీ ఆయనే. కోచ్ ఆర్వల్ టెసియే కార్న్‌వాల్‌లో పుట్టినవాడు. ఆయన 1982లో న్యూ బ్రన్స్‌విక్ హాక్స్ కోచ్‌గా, ఎన్‌హెచ్‌ఎల్‌కు ఒక మెట్టు కింది అమెరికన్ హాకీ లీగ్ కప్పును గెలిచి, తరువాత షికాగోలో ఎన్‌హెచ్‌ఎల్ ఉత్తమ కోచ్ పురస్కారం అందుకున్నాడు.

తరువాతి ఏడేళ్ల గురించి చెప్పుకోవలసింది తక్కువ. 1976లో నది ఒడ్డున సివిక్ కాంప్లెక్స్ తెరిచారు. అది మాత్రం గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ భవనం జట్టు కన్నా ఎక్కువ కాలం నిలిచింది.

అసలు వైభవం 1979 శరత్కాలంలో ఓషవా నుంచి వచ్చిన 16 ఏళ్ల కుర్రాడితో మొదలైంది. అతని పేరు డేల్ హావర్‌చక్. తొలి సీజన్‌లోనే 103 పాయింట్లు సాధించాడు. ఐస్ హాకీలో గోల్ కొట్టినా, గోల్‌కు పాస్ (అసిస్ట్) అందించినా ఒక్కో పాయింటు లెక్కవేస్తారు. ఆ వసంతంలో మెమోరియల్ కప్ ఫైనల్లో మళ్లీ పీటర్‌బరోయే ఎదురైంది. ఈసారి మైక్ కీనన్ శిక్షణలో, డిఫెండింగ్ ఛాంపియన్ హోదాలో వచ్చిన పీటర్‌బరోను కార్న్‌వాల్ ఓవర్‌టైమ్‌లో 3-2తో ఓడించింది. మరుసటి సీజన్‌లో హావర్‌చక్ 81 గోల్స్, 102 అసిస్ట్‌లతో 183 పాయింట్లు పోగుచేశాడు. ఇవి అచ్చుతప్పులు కావు, 72 ఆటల లెక్కలే. 1981లో విండ్సర్‌లో జరిగిన ఫైనల్లో, బ్రయన్ బెలోస్, ఆల్ మెకినిస్ వంటివారున్న కిచెనర్ రేంజర్స్‌ను కార్న్‌వాల్ 5-2తో ఓడించింది. హావర్‌చక్ టోర్నమెంటు ఉత్తమ ఆటగాడయ్యాడు. మార్క్ క్రాఫర్డ్, స్కాట్ ఆర్నియల్ ఆ జట్టువాళ్లే. మూడు నాలుగు వరుసల వెనక, చూడడానికి బక్కపలచగా ఉండే 17 ఏళ్ల డగ్ గిల్మర్ కూడా ఉన్నాడు.

ఆ వేసవిలో రెండు సంగతులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో విన్నిపెగ్ జెట్స్ మొట్టమొదటి ఎంపికగా హావర్‌చక్‌ను తీసుకుంది. రాయల్స్ క్వెబెక్ లీగ్‌ను విడిచి ఒంటారియో హాకీ లీగ్‌లో చేరింది. అలా మొత్తం 23 సీజన్లలో 12 అక్కడా 11 ఇక్కడా గడిచాయి. కప్పులన్నీ మొదటి భాగంలోనే ఉన్నాయి, రెండో భాగంలో ఒక్క లీగ్ ట్రోఫీ కూడా లేదు. ఆటగాళ్లకు మాత్రం కొదవ లేదు. 1982-83లో గిల్మర్ 70 గోల్స్, 107 అసిస్ట్‌లు నమోదు చేసి, వరుసగా 55 ఆటల్లో పాయింటు సాధించాడు. 1985-86లో రే షెపర్డ్ 81 గోల్స్ కొట్టాడు. 1990లో ఓవెన్ నోలన్‌ను క్వెబెక్ నోర్డిక్స్ మొదటి ఎంపికగా తీసుకుంది. అంటే పదేళ్లలోపు ఇద్దరు మొదటి ఎంపికలు ఈ ఊరి మంచు మీద నుంచే వెళ్లారు. అయినా ప్రేక్షకులు పలచబడ్డారు, ఖర్చులు కలిసిరాలేదు. 1992లో జట్టును టొరంటోకు ఉత్తరాన ఉన్న న్యూమార్కెట్‌కు తరలించారు.

నా అభిప్రాయం అడిగితే, ఊరు చిన్నదైపోవడమే మూలకారణం. 50 వేల జనాభా కూడా లేని పట్టణం పెద్ద లీగ్ ఖర్చును ఎంతకాలమని మోయగలదు? ఈ విషయంలో ఇతరులు విభేదించవచ్చు.

సమాధానం 2

పై సమాధానంలోని చరిత్రతో నాకు పేచీ లేదు, అంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు కూడా. చివరి పేరాతో మాత్రం ఏకీభవించలేను. ఊరు చిన్నది కాబట్టి జట్టు పోయిందన్న మాట వినడానికి సబబుగా ఉంటుంది గానీ, పక్కనే ఉన్న ఉదాహరణ దాన్ని నిలబడనివ్వదు.

1981లో ఒంటారియో లీగ్‌లో కార్న్‌వాల్‌తో పాటు చేరిన మరో జట్టు బెల్‌విల్ బుల్స్. బెల్‌విల్ కూడా 401 రహదారి వెంబడే ఉన్న, దాదాపు అదే పరిమాణం గల పట్టణం. బుల్స్‌కు అంతకు ముందు మెమోరియల్ కప్పులూ లేవు, హావర్‌చక్ వంటి పేరూ లేదు. అయినా ఆ జట్టు 2015 దాకా, అంటే 34 సీజన్లపాటు అక్కడే ఉంది, 1999లో లీగ్ ఛాంపియన్ కూడా అయింది. జనాభాయే కారణమైతే రెండూ ఒకేసారి పోయి ఉండాలి.

తేడా ఎక్కడుందో తెలియాలంటే పటం తెరిచి ఒంటారియో లీగ్ ఊళ్ల మీద చుక్కలు పెట్టి చూడండి. బెల్‌విల్‌కు ఒక పక్క కింగ్‌స్టన్, మరో పక్క ఓషవా, పైన పీటర్‌బరో ఉన్నాయి. ఆట ముగించుకుని ఆ రాత్రే ఇంటికి చేరగల దూరాలు అవి. అటువైపు అభిమానులు కూడా కారెక్కి వచ్చి కూర్చోగలరు. కార్న్‌వాల్‌కు అటువంటి పొరుగు ఒటావా ఒక్కటే. తరువాత కింగ్‌స్టన్ వస్తుంది, దాన్ని దాటాక ప్రతి ఆటా పడమరగా గంటల తరబడి బస్సు ప్రయాణమే. లీగ్ పటంలో ఒక చెయ్యి చాపి అంటించినట్టు ఆ చుక్క ఒంటరిగా ఉంటుంది. క్వెబెక్ లీగ్‌లో ఉన్న రోజుల్లో ఇదే ఊరికి మాంట్రియల్ చుట్టుపక్కల జట్లన్నీ పొరుగులే. పన్నెండేళ్లపాటు ఎవరిని చూసి ఈలలు వేశారో, ఎవరి గోలీని ఎలా ఏడిపించాలో ప్రేక్షకులు కంఠతా నేర్చుకున్నారు. ఒక్క వేసవిలో ఆ పగలన్నీ రద్దయ్యాయి. వాటి స్థానంలో వచ్చిన నయాగరా ఫాల్స్, సడ్‌బరీ, సూ సెయింట్ మరీ వంటి జట్ల మీద ఆ ఊరివాళ్లకు ప్రేమా లేదు, పగా లేదు. పగ లేని చోట టికెట్లు అమ్ముడుపోవు.

జూనియర్ జట్టు ఆర్థిక వ్యవస్థ తెలియనివారికి ఇది అతిశయోక్తిగా తోచవచ్చు. టెలివిజన్ హక్కుల సొమ్ము ఆ స్థాయికి పెద్దగా అందదు. టికెట్లు, గోడల మీది ప్రకటనలు, విరామ సమయంలో అమ్మే తినుబండారాలు, రింకు యజమానితో, అంటే చాలాచోట్ల పురపాలక సంఘంతో, కుదిరిన అద్దె ఒప్పందం: ఆదాయం, వ్యయం అన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి. ఆటగాళ్లు ఎక్కువమంది 16 నుంచి 20 ఏళ్ల లోపువాళ్లు, ఊళ్లోని కుటుంబాల ఇళ్లలో ఉంటూ బడికి వెళ్తూ ఆడతారు. వాళ్లను మూడు నాలుగేళ్లకు మించి నిలుపుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఎంత గొప్ప ఆటగాడు వచ్చినా వెళ్లిపోతాడని ప్రేక్షకుడికి ముందే తెలుసు. అతన్ని మళ్లీ మళ్లీ రప్పించేది ఆటగాడి పేరు కాదు, శుక్రవారం రాత్రి ఎవరు వస్తున్నారన్న ఆత్రుత. కార్న్‌వాల్‌లో తగ్గింది అదేనని నా నమ్మకం.

లీగ్ మారకుండా ఉంటే జట్టు ఈనాటికీ అక్కడే ఉండేదా అని అడిగితే, ఉండేదని గట్టిగా చెప్పలేను. క్వెబెక్ లీగ్‌లోనూ ఎన్నో జట్లు ఊళ్లు మారాయి. అయితే రెంటికి చెడ్డ రేవడి పరిస్థితి మాత్రం వచ్చేది కాదు. క్వెబెక్ వాళ్ల దృష్టిలో రాయల్స్ ఒంటారియో జట్టు, ఒంటారియో వాళ్ల దృష్టిలో క్వెబెక్ నుంచి వచ్చిన జట్టు. అవతలి లీగ్‌లో సంపాదించిన కప్పులు ఇవతలి లీగ్ గోడల మీద లెక్కకు రావు.

సమాధానం 1 రాసిన వ్యక్తి

బెల్‌విల్ పోలిక నాకు తట్టలేదు, అది బలమైన వాదనేనని ఒప్పుకుంటున్నాను. దానికి ఒక కొసరు చేరుస్తాను. 2015లో బుల్స్‌ను హామిల్టన్‌కు తరలించారు, ఆ జట్టు 2023లో మళ్లీ బ్రాంట్‌ఫర్డ్‌కు మారింది. బెల్‌విల్‌కు మాత్రం 2017లో ఒటావా సెనేటర్స్ అనుబంధంగా అమెరికన్ హాకీ లీగ్ జట్టు వచ్చింది. కార్న్‌వాల్‌లో కూడా అచ్చంగా అలాగే జరిగింది. రాయల్స్ వెళ్లిన ఏడాదికి, 1993లో, నోర్డిక్స్ అనుబంధ జట్టుగా కార్న్‌వాల్ ఏసెస్ సివిక్ కాంప్లెక్స్‌లోకి వచ్చింది. అయితే అది మూడు సీజన్లకే ముగిసింది. జూనియర్ జట్టును నిలుపుకోలేకపోయిన ఊళ్లో, జీతాలిచ్చి పెద్దవాళ్లను ఆడించే జట్టు ఎలా నిలుస్తుందనుకున్నారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఇప్పుడు అక్కడ ఒక మెట్టు కింది జూనియర్ స్థాయిలో కార్న్‌వాల్ కోల్ట్స్ ఆడుతోంది.

సమాధానం 3

కప్పుల లెక్కలో మరుగున పడుతున్న రెండు సంగతులు చెప్పడానికి రాస్తున్నాను. రాయల్స్ చరిత్రలో గెలుపులకన్నా ఇవే కెనడా హాకీ మీద ఎక్కువ ముద్ర వేశాయని నా ఉద్దేశం.

మొదటిది 1980 టోర్నమెంటు. బ్రాండన్, రిజైనా నగరాల్లో జరిగింది, మూడు జట్లలో రిజైనా పాట్స్ సొంతగడ్డ జట్టు. లీగ్ దశ చివరి ఆట నాటికి పీటర్‌బరో అప్పటికే ఫైనల్ చేరుకుంది. ఆ ఆటలో కార్న్‌వాల్ గెలిస్తే కార్న్‌వాల్ ఫైనల్‌కు వెళ్తుంది, ఓడితే రిజైనా వెళ్తుంది. కార్న్‌వాల్ గెలిచింది. సొంత అభిమానుల ముందు పాట్స్‌ను ఎదుర్కోవడం ఇష్టం లేక పీటర్‌బరో కావాలనే ఆటను వదిలేసిందని రిజైనా జనం మండిపడ్డారు. పీటర్‌బరో వర్గం ఆ ఆరోపణను ఖండించింది. నిజం ఏదైనా, ఫైనల్లో రిజైనా ప్రేక్షకులు ఆటంతా పీటర్‌బరోను హేళన చేస్తూనే ఉన్నారు. అలా సొంత ఊరికి అంత దూరంలో, పిలవని పేరంటంగా దొరికిన వేల మంది అభిమానుల మధ్య కార్న్‌వాల్ ఓవర్‌టైమ్‌లో గెలిచింది. 1983 నుంచి ఆతిథ్య జట్టుకు నేరుగా స్థానం ఇచ్చి నాలుగు జట్లతో టోర్నమెంటు నిర్వహించడం మొదలైంది. దానికి ఈ గొడవ ఒక్కటే కారణమని అనను గానీ, మూడు జట్ల పద్ధతిలోని లొసుగు అందరి కళ్లముందూ బయటపడింది మాత్రం అక్కడే. 1972 ఫైనల్, 1980 ఫైనల్ రెండింటిలోనూ ఒక్క గోల్ తేడాతో కార్న్‌వాల్ చేతిలో ఓడిన ఊరు పీటర్‌బరోయే కావడం ఇంకో విశేషం. ఆ ఊళ్లో రాయల్స్ పేరు ఎత్తాలంటే ఈనాటికీ కాస్త ఆలోచించుకోవాలి.

రెండోది 1981 ప్రపంచ జూనియర్ పోటీ. ఇప్పుడు క్రిస్మస్ సెలవుల్లో దేశమంతా టీవీల ముందు కూర్చునే ఆ పోటీకి, అప్పట్లో కెనడా చాలా ఏళ్లు ఎంపిక చేసిన జాతీయ జట్టును పంపేది కాదు. ఏదో ఒక క్లబ్ జట్టుకు కొందరు ఆటగాళ్లను అదనంగా చేర్చి పంపేది. ఆ ఏడాది పశ్చిమ జర్మనీకి వెళ్లిన జట్టు కార్న్‌వాల్ రాయల్స్. హావర్‌చక్ ఉన్నా సరే ఎనిమిది దేశాల్లో ఏడో స్థానంతో తిరిగివచ్చింది. ఒక చిన్న పట్టణపు కుర్రాళ్లను సోవియట్ యూనియన్, స్వీడన్ దేశాల ఏరికూర్చిన జట్ల మీదికి పంపి, ఓడారని నిందించడం అన్యాయమే. ఆ పరాభవం వృథా కాలేదు. మరుసటి ఏడాదికి దేశం నలుమూలల నుంచీ ఆటగాళ్లను ఎంపిక చేసే కార్యక్రమాన్ని ప్రారంభించారు, 1982లో ఆ మొదటి జట్టే స్వర్ణం గెలిచింది. అమెరికాలోని రాచెస్టర్‌లో పతకాలిచ్చే వేళ కెనడా జాతీయగీతం రికార్డు అందుబాటులో లేకపోతే, ఆటగాళ్లే భుజాలు కలుపుకుని గొంతెత్తి పాడారు. ఆ దృశ్యాన్ని ప్రతి డిసెంబరులోనూ ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. దానికి ముందటి ఏడాది అవమానాన్ని మోసుకొచ్చిన జట్టును ఎవరూ తలచుకోరు. ఐదు నెలలు గడవకముందే అదే కుర్రాళ్లు విండ్సర్‌లో మెమోరియల్ కప్ ఎత్తారన్నది నాకు ఆ సీజన్‌లో అన్నిటికన్నా నచ్చే సంగతి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. మా వాడికి అన్నీ చదివి వినిపించాను. గిల్మర్ పేరు వాడికి ముందే తెలుసు, అయితే టొరంటో మేపుల్ లీఫ్స్ ఆటగాడిగానే తెలుసు. 1982 డ్రాఫ్ట్‌లో అతన్ని 134వ స్థానంలో గానీ ఎవరూ తీసుకోలేదని తెలిసి, తన జట్టులో అందరికన్నా పొట్టివాడైన మా వాడు ఆ రాత్రి అన్నం మరో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇంకా ఒక ప్రశ్న మిగిలింది. ఆ కప్పులు ఎవరివి? సార్నియా జట్టు వాటిని తమవని చెప్పుకోవచ్చా?

సమాధానం 2 రాసిన వ్యక్తి

కాగితం మీద ఒక సమాధానం, గుండెలో ఒక సమాధానం ఉన్నాయి. లీగ్ దృష్టిలో జట్టు అంటే ఫ్రాంచైజీ, అంటే లీగ్‌లో ఆడే హక్కు. ఆ హక్కు 1992లో న్యూమార్కెట్‌కు వెళ్లింది. న్యూమార్కెట్‌లో అంతకు ముందు మేపుల్ లీఫ్స్ అనుబంధ జట్టు సెయింట్స్ ఆడేది, అది 1991లో న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్‌కు తరలిపోవడంతో రింకు ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి రాయల్స్ పేరు మార్చుకోకుండానే వచ్చి, రెండు సీజన్లు కష్టంగా నెట్టుకొచ్చింది. 1994లో సార్నియాకు చెందిన సోదరులు డీనో, రాబర్ట్ సిచరెల్లీలు కొని తమ ఊరికి తీసుకువెళ్లి ‘స్టింగ్’ అని పేరు పెట్టారు. కాబట్టి వంశవృక్షం గీస్తే గీత తెగకుండా కార్న్‌వాల్ నుంచి సార్నియా దాకా వస్తుంది.

అయినా సార్నియా అభిమానిని అడిగితే, తమ జట్టు ఇంతవరకూ మెమోరియల్ కప్ గానీ ఒంటారియో లీగ్ ట్రోఫీ గానీ గెలవలేదనే చెబుతాడు. మూడు గెలిచామని ఒక్కడూ అనడు. అనకపోవడమే మర్యాద అని నేననుకుంటాను. టొరంటో మార్ల్‌బరోస్ ఏడు కప్పులు గెలిచి, 1989లో హామిల్టన్‌కూ 1991లో గ్వెల్ఫ్‌కూ మారింది. గ్వెల్ఫ్ స్టార్మ్ వాళ్లు ఆ ఏడింటిని తమ ఖాతాలో వేసుకోవడం నేనెప్పుడూ వినలేదు. అమ్ముడుపోయేది ఆడే హక్కు మాత్రమే. 1972లో ఒటావా నుంచి బస్సు ఎప్పుడు తిరిగి వస్తుందా అని వీధిలో నిలబడి చూసినవాళ్లు ఆ బేరంలో లేరు.

మీ పక్ గురించి ఒక్క మాట. అటువంటి వాటికి సాధారణంగా ఒక వైపు జట్టు పేరు, మరో వైపు లీగ్ గుర్తు ఉంటాయి. మీకు మిగిలింది జట్టు పేరున్న వైపు. అరిగిపోయిన వైపు ఏమాత్రమైనా కనిపిస్తే అది 1981కి ముందుదో తరువాతిదో, అంటే కప్పుల కాలానిదో గిల్మర్ కాలానిదో, చెప్పవచ్చు. ఒకసారి దీపం కింద ఏటవాలుగా పట్టి చూడండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

నిన్న రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, టార్చిలైటును పక్కగా పెట్టి ఇద్దరమూ చాలాసేపు చూశాము. సగం వృత్తం లాంటి ఒక గీత తప్ప ఇంకేమీ దొరకలేదు. అది గుర్తు అంచో, ఎవరి కర్ర చేసిన గీతో తేల్చుకోలేకపోయాము. మా వాడు మాత్రం 1980 అని నిర్ణయించేసి, దాన్ని రబ్బరు పట్టీ వేసి తన పుస్తకాల మీద పెట్టుకున్నాడు.